టీవీ బడ్జెట్ ఎంత తగ్గించాలి? ముందు మీ ప్రకటన ఎవరికి ఎన్నిసార్లు కనబడుతోందో లెక్క తీయండి

ప్రశ్న: ఇళ్లలో రోజూ వాడే వస్తువులు తయారుచేసే మధ్యస్థాయి కంపెనీలో మార్కెటింగ్ చూస్తున్నాను. ప్రకటనల బడ్జెట్‌లో ముప్పావు వంతు టీవీకే పోతోంది. ప్రతి క్యాంపెయిన్ అయ్యాక ఏజెన్సీ 'అనుకున్న రేటింగ్ పాయింట్లు వచ్చేశాయి' అంటుంది. మా డైరెక్టర్ గారేమో 'ఈ రోజుల్లో టీవీ ఎవరు చూస్తున్నారు, మొత్తం ఆన్‌లైన్‌కు మార్చేయండి' అంటున్నారు. వచ్చే ఏడాది ఒప్పందాలు చేసుకునే సమయం దగ్గరపడింది. టీవీని ఎంత తగ్గించాలి, ఆ డబ్బు ఎటు మళ్లించాలి?

సమాధానం:

రేటింగ్ పాయింట్లు నిజంగానే వచ్చి ఉంటాయి. కొంతమంది నిజంగానే టీవీ వదిలేశారు కూడా. అయితే ఈ రెండు మాటల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుని బడ్జెట్ వేస్తే మాత్రం దెబ్బతినేది మీరే. ఎంత శాతం తగ్గించాలన్నది రెండో ప్రశ్న. ఇప్పుడు టీవీకి పెడుతున్న డబ్బుతో ప్రకటన ఎవరికి ఎన్నిసార్లు కనబడుతోందన్నది మొదటిది. దానికి జవాబు దొరికితే రెండోది చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

జీఆర్పీ (గ్రాస్ రేటింగ్ పాయింట్లు) అని మనం లెక్కేసేదాంట్లో ఒక పాయింటు అంటే, మీరు చేరాలనుకున్న జనంలో ఒక శాతం మందికి ఒకసారి ప్రకటన కనబడటం. నూటికి ఎనభై మందికి అయిదేసిసార్లు కనబడినా 400 పాయింట్లే. నలభై మందికి పదేసిసార్లు కనబడినా 400 పాయింట్లే. ఏజెన్సీ నివేదికలో రెండూ ఒకేలా ఉంటాయి, బిల్లు కూడా ఒకటే వస్తుంది. కానీ రెండో సందర్భంలో మీరు ఉన్నారన్న సంగతే అరవై మందికి తెలియదు.

దీన్ని ఇంకొంచెం లోతుగా చూద్దాం. వెయ్యిమందిని తీసుకోండి. 400 పాయింట్లంటే వాళ్లందరికీ కలిపి 4000 సార్లు ప్రకటన కనబడినట్టు. టీవీ ముందు ఎంతసేపు కూర్చుంటారన్నదాన్ని బట్టి వాళ్లను 200 మంది చొప్పున అయిదు వర్గాలు చేయండి. బాగా ఎక్కువగా చూసే మొదటి వర్గానిది మొత్తం వీక్షణలో సగం, రెండో వర్గానిది పాతిక శాతం, మూడోదానిది 15, నాలుగోదానిది 7, చివరిదానిది 3 శాతం అనుకుందాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు. మీ మార్కెట్‌లో కొంచెం అటూఇటూ ఉంటాయి గానీ, పైన ఉబ్బి కింద సన్నబడే ఈ తీరు దాదాపు ప్రతిచోటా కనిపించేదే. ఇప్పుడు మొదటి వర్గంలో మనిషికి సగటున పదిసార్లు పడుతుంది. రెండో వర్గంలో అయిదు, మూడో వర్గంలో మూడు. నాలుగో వర్గానికి 1.4, చివరి వర్గానికి 0.6. నివేదికలో కనిపించే సగటు మాత్రం నాలుగు. ఆ నాలుగు ఏ వర్గానికీ నప్పదు.

ఇప్పుడు 'అమ్మకాలు మందగించాయి, ఇంకో వంద పాయింట్లు కొందాం' అన్నారనుకోండి. అంటే ఇంకో వెయ్యిసార్లు ప్రకటన వేయించినట్టు. అందులో 500 మళ్లీ మొదటి వర్గానికే వెళ్తాయి, అప్పటికే పదిసార్లు చూసినవాళ్లకు. చివరి 200 మందికి దక్కేది 30. నూరు శాతం డబ్బు ఖర్చవుతుంది, చేరాల్సినవాళ్లకు చేరేది మూడు శాతం.

ఈ అసమానత టీవీకి కొత్తేమీ కాదు. మారిందేమిటంటే, తక్కువ చూసేవాళ్లు మరింత తక్కువ చూస్తున్నారు, అలాంటివాళ్ల సంఖ్య కూడా పెరిగింది. ఒక్కో స్పాట్‌కు, అంటే ప్రకటన ఒకసారి వేసినప్పుడు, వచ్చే రేటింగ్ పడిపోతుంది కాబట్టి అవే 400 పాయింట్లు పూర్తి చేయడానికి ఏజెన్సీ ఎక్కువ స్పాట్లు కొంటుంది. ఆ అదనపు స్పాట్లు ఎవరి కళ్ల ముందు పడతాయో చెప్పనక్కర్లేదు. పాయింట్ల లక్ష్యం అలాగే ఉంచి ఏటా అదే ప్లాన్ తిప్పి రాస్తుంటే, నివేదికలో ఏ తేడా కనబడకుండానే రీచ్, అంటే కనీసం ఒక్కసారైనా ప్రకటన చూసినవాళ్ల శాతం, కరిగిపోతూ ఉంటుంది. మీ ఏజెన్సీ చెబుతున్న శుభవార్త మీద నాకున్న అనుమానం ఇదే.

ఇక డైరెక్టర్ గారి మాట. అమెరికాలో 2025 మే నెలలో, టీవీ వీక్షణను కొలిచే నీల్సన్ సంస్థ లెక్కల ప్రకారం, టీవీ తెర మీద చూసిన మొత్తం సమయంలో స్ట్రీమింగ్ వాటా 44.8 శాతం. ప్రసార చానెళ్లు, కేబుల్ చానెళ్లు రెండూ కలిపినా 44.2 శాతం. స్ట్రీమింగ్ ఆ రెండింటి మొత్తాన్ని దాటడం అదే మొదటిసారి. ఇలాంటి అంకె చూపించి 'టీవీ అయిపోయింది' అనేవాళ్లు రెండు సంగతులు వదిలేస్తారు. ఒకటి, ఇది మొబైల్ తెర సంగతి కాదు, ఈ లెక్క మొత్తం టీవీ తెర మీదే జరుగుతోంది. జనం హాల్లో ఉన్న పెద్ద తెరను వదల్లేదు, అందులోకి బొమ్మ వచ్చే దారి మార్చారు. రెండు, స్ట్రీమింగ్‌లో గడిపే సమయమంతా మీరు కొనగలిగేది కాదు. నెట్‌ఫ్లిక్స్ ప్రకటనలున్న ప్లాన్ మొదలుపెట్టిందే 2022 నవంబరులో. అమెరికాలో ప్రైమ్ వీడియోలో ప్రకటనలు 2024 జనవరిలో మొదలయ్యాయి. ఎక్కువ డబ్బు కట్టి ప్రకటనలు లేకుండా చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి వీక్షణ సమయం వాటాను అలాగే బడ్జెట్ వాటాగా మార్చేస్తే లెక్క తప్పుతుంది. చూసే సమయంలో మీకు అమ్మకానికున్నది ఎంత అని అడగాలి.

ఇంకో మాట, కొంచెం మొహమాటంగానే చెబుతున్నాను. ప్రకటనల బడ్జెట్లు నిర్ణయించేవాళ్లు సాధారణంగా తీరిక తక్కువున్న, నగరాల్లో ఉండే, ప్రతి కొత్త యాప్‌కూ చందా కట్టే మనుషులు. వాళ్లింట్లో టీవీ ఎవరూ చూడకపోవడం నిజమే కావచ్చు. మీ వస్తువు కొనేవాళ్లు వేరే.

'కనీసం మూడుసార్లు చూపించాలి' అన్న సూత్రం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్లాన్‌లో ఆ అంకె ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుంది. 1972లో ప్రకటనల పరిశోధకుడు హెర్బర్ట్ క్రుగ్‌మన్ రాసిన వ్యాసం నుంచి అది వాడుకలోకి వచ్చింది. ఆయన చెప్పింది మనిషి మనసులో జరిగే మూడు దశల గురించి. మొదట 'ఏమిటిది?' అనిపిస్తుంది, తర్వాత 'అయితే నాకేంటి?' అనిపిస్తుంది, మూడోది గుర్తుచేయడం, అక్కడి నుంచి ఎన్నిసార్లు చూసినా ఆ మూడోదే. టీవీలో పదిసార్లు ప్రకటన వచ్చినా పట్టించుకోని మనిషి పదకొండోసారి చూసినప్పుడు ఇంకా మొదటి దశలోనే ఉండొచ్చు. అంటే అది స్పాట్ల లెక్క కానే కాదు. అయినా పరిశ్రమ దాన్ని 'నాలుగు వారాల్లో మూడుసార్లు' అనే కొలతగా మార్చేసుకుంది, బర్స్టులుగా, అంటే కొన్ని వారాలు గుప్పించి తర్వాత ఆపేసే పద్ధతిలో, కొనే అలవాటు దాంతో మరింత బలపడింది.

1990ల్లో మీడియా ప్లానింగ్ నిపుణుడు ఎర్విన్ ఎఫ్రాన్ దీనికి ఎదురు వాదన పెట్టాడు. కొనబోయే సమయానికి దగ్గరగా ఒక్కసారి కనబడితే, అంతకుముందు ఎప్పుడో అయిదుసార్లు కనబడినదానికన్నా ఎక్కువ పనిచేస్తుందన్నాడు. మీలాంటి వస్తువులకు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. మీ వస్తువు ఏ వారమైనా ఎవరో ఒకరి ఇంట్లో అయిపోతూనే ఉంటుంది. ఆ వారం మీరు తెర మీద లేకపోతే ఆ ఇల్లు పోటీ కంపెనీది. ఏడాదికి 2400 పాయింట్ల డబ్బు ఉందనుకుంటే, 400 చొప్పున ఆరు బర్స్టులు వేసి మధ్యలో వారాల తరబడి మాయమయ్యేకన్నా, వారానికి 60 చొప్పున 40 వారాలు ఉండటం మేలు. కొత్త వస్తువు విడుదల చేస్తున్నా, ఎలా వాడాలో వివరించాల్సి ఉన్నా సంగతి వేరు, అప్పుడు మొదటి కొన్ని వారాలు గట్టిగా మోగించాల్సిందే. మామూలు రోజుల్లో మాత్రం కొలత నెల సగటు ఫ్రీక్వెన్సీ (ఒక్కొక్కరికి ఎన్నిసార్లు కనబడింది) కాకూడదు, వారపు రీచ్ కావాలి.

ఇక డబ్బు మళ్లించడం. ఇక్కడ అందరూ చేసే పోలిక, వెయ్యిమందికి చేరడానికి టీవీలో ఎంత, స్ట్రీమింగ్‌లో ఎంత అన్నది. ఆ పోలికలో టీవీయే చవగ్గా కనిపిస్తుంది, వెంటనే ఏజెన్సీ 'చూశారా' అంటుంది. అడగాల్సిన ధర అది కాదు. ఇంతవరకు చేరని ఒక్క శాతం మందిని కొత్తగా చేరడానికి ఎంత అని అడగాలి.

మీ మొత్తం బడ్జెట్ వంద భాగాలు, అందులో టీవీకి 75 అనుకుందాం. టీవీకి 60 భాగాలు పెట్టినప్పుడు రీచ్ 68 శాతం, 75 పెడితే 70 శాతం. అంటే ఆఖరి 15 భాగాలతో మీరు కొన్నది రెండు శాతం కొత్త జనం, శాతానికి ఏడున్నర భాగాలు. ఆ 15 భాగాలను స్ట్రీమింగ్‌లో పెడితే 20 శాతం మందికి చేరతారనుకుందాం. అందులో చాలామంది టీవీలో మీ ప్రకటన ఇదివరకే చూసినవాళ్లు. ఒకటి చూసేవాళ్లకూ రెండోది చూసేవాళ్లకూ ఏ సంబంధమూ లేదనుకుంటే, టీవీ చేరని 32 శాతంలో అయిదో వంతు, అంటే 6.4 శాతం, కొత్తవాళ్లు. మొత్తం రీచ్ 74.4. కొత్తగా వచ్చిన ఒక్కో శాతానికి ఖర్చు సుమారు 2.3 భాగాలు. వెయ్యిమందికి లెక్కేస్తే స్ట్రీమింగ్ రెట్టింపు ఖరీదైనా సరే, కొత్తవాళ్ల లెక్కలో మూడో వంతుకే వస్తోంది.

ఈ లెక్కను ఒక్కసారి వేసి వదిలేయకండి. ఇంకో పది భాగాలు అటు జరిపితే ఏమవుతుంది, మరో పది జరిపితే? స్ట్రీమింగ్ కూడా నిండుకుంటుంది, అక్కడా మొదటి డబ్బుకు దొరికినంత ఆఖరి డబ్బుకు దొరకదు. రెండువైపులా ఆఖరి భాగానికి వచ్చే కొత్త జనం దాదాపు సమానమయ్యే చోట ఆగాలి. మీ కంపెనీకి సరైన శాతం అదే. నేనో ఇంకొకరో బయటి నుంచి 'ముప్పై శాతం మార్చండి' అని చెబితే అది ఊహ మాత్రమే.

'ఏ సంబంధమూ లేదనుకుంటే' అని పైన ఒక మెలిక పెట్టాను, గమనించారా? ప్లానింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఇలాగే లెక్కేస్తాయి. నిజ జీవితంలో స్ట్రీమింగ్ ఎక్కువగా చూసేవాళ్లు టీవీ తక్కువ చూసేవాళ్లయితే మీకు ఇంకా లాభం. టీవీ తెర ముందే బతికే మనుషులే రెండూ చూస్తుంటే 6.4 కాస్తా మూడుకు పడిపోవచ్చు. అందుకే ఏ ప్లాట్‌ఫామ్ ఏ వయసువాళ్లకు, ఎలాంటి ఇళ్లకు చేరుతోందో విడివిడిగా చూడాలి. పైగా స్ట్రీమింగ్‌లోనూ విపరీతంగా చూసేవాళ్ల వర్గం ఒకటి ఉంటుంది. ప్లాట్‌ఫామ్ వాళ్ల యంత్రాంగం చవగ్గా దొరికే చూపును వెతుక్కుంటుంది, అది దొరికేది ఎప్పుడూ తెర ముందే ఉండేవాళ్ల దగ్గర. టీవీలో వదిలించుకున్న రోగం అక్కడ మళ్లీ తగులుకుంటుంది. మనిషికి వారానికి ఇన్నిసార్లకు మించి వద్దని పరిమితి పెట్టించండి. ఆ పరిమితి ఒక్కో ప్లాట్‌ఫామ్‌కు విడిగానే పనిచేస్తుందని గుర్తుంచుకోండి. నాలుగు ప్లాట్‌ఫామ్‌లలో మూడు చొప్పున పెడితే ఒకే మనిషికి పన్నెండు. అందుకే మొదట్లో రెండు ప్లాట్‌ఫామ్‌లతో సరిపెట్టుకోండి.

చిన్న చానెళ్ల గురించి ఒక హెచ్చరిక. రీచ్ పెంచుదామంటే ఏజెన్సీలు తరచుగా 'తక్కువ రేటుకు ఇంకో ఇరవై చానెళ్లు కలుపుదాం' అంటాయి. వినడానికి బాగుంటుంది. కానీ టీవీ తక్కువ చూసే మనిషి, ఉన్న ఆ కాస్త సమయంలో ఎవరికీ తెలియని చానెల్ పెట్టుకోడు. అందరూ చూసే పెద్ద కార్యక్రమమే చూస్తాడు. చిన్న చానెళ్ల దాకా వెళ్లేవాళ్లు అన్నీ చూసేవాళ్లే, అంటే మీ మొదటి వర్గమే. వీక్షకుల అలవాట్ల మీద మార్కెటింగ్ పరిశోధకులు ఆండ్రూ ఎరెన్‌బర్గ్, జెరాల్డ్ గుడ్‌హార్ట్ చేసిన పరిశోధన దశాబ్దాల కిందటే ఈ తీరును చూపించింది. చవక స్పాట్లు చవగ్గా ఉండటానికి కారణం ఉంది.

అందుకే ఖరీదైనా పెద్ద ప్రత్యక్ష ప్రసారాలను కొట్టిపారేయొద్దు. స్ట్రీమింగ్ దాటేసిందన్న ఆ 2025లోనే, ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌ను (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) అమెరికాలో సగటున 12.77 కోట్ల మంది చూశారని నీల్సన్ లెక్క తేల్చింది. అందులో చానెల్ ద్వారా చూసినవాళ్లూ ఉన్నారు, స్ట్రీమింగ్‌లో చూసినవాళ్లూ ఉన్నారు. ఏడాదంతా టీవీ పెట్టనివాళ్లు అలాంటి రోజున కూర్చుంటారు. మీ స్థాయికి అంత పెద్దవి అక్కర్లేదు. మీ మార్కెట్‌లో తక్కువ చూసేవాళ్లను కూర్చోబెట్టే కార్యక్రమాలేవో నాలుగైదు వెతికి, రోజువారీ సీరియళ్ల మధ్య పడే స్పాట్లు కొన్ని వదులుకుని ఆ డబ్బు అక్కడ పెట్టండి.

కొలతల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. టీవీ రేటింగ్ ప్యానెల్ నుంచి వస్తుంది. ఎంపిక చేసిన ఇళ్లలో మీటరు పెట్టి ఎవరు చూస్తున్నారో బటన్ నొక్కించుకుంటారు. అమెరికాలో 1987 నుంచి దేశవ్యాప్త రేటింగులకు ఈ పీపుల్ మీటర్లే ఆధారమయ్యాయి. ప్యానెల్‌కు మనుషులు తెలుస్తారు, చిన్న చానెళ్లు సరిగ్గా కనబడవు. స్ట్రీమింగ్ లెక్క సర్వర్ నుంచి వస్తుంది. దానికి ప్రతి పరికరం తెలుసు, ఎదురుగా ఎవరున్నారో తెలియదు, నలుగురున్నారో, గది ఖాళీగా ఉందో తెలియదు. టీవీ ఆపేసినా దానికి తగిలించిన పరికరం లోపల ప్రకటనలు నడుస్తూనే ఉండే సందర్భాలున్నాయి. ఇక ఆన్‌లైన్ వీడియోలో 'కనబడింది' అనిపించుకోవడానికి కొలతల ప్రమాణాలు నిర్ణయించే అమెరికాలోని మీడియా రేటింగ్ కౌన్సిల్ ప్రకారం ప్రకటన బొమ్మలో సగం భాగం వరుసగా రెండు సెకన్లు తెర మీద ఉంటే చాలు. మీ ప్రకటన 30 సెకన్లది. టీవీలో కనబడిన ఒకటినీ ఆ రెండు సెకన్ల ఒకటినీ ఒకే పట్టికలో కూడి 'మొత్తం రీచ్' అని ఎవరైనా చూపిస్తే ఆ పట్టిక వెనక్కి పంపండి. పూర్తిగా చూసినవి ఎన్ని, టీవీ తెర మీద చూసినవి ఎన్ని, ఫోనులో చూసినవి ఎన్ని అని విడగొట్టి అడగండి.

డైరెక్టర్ గారికి ఆన్‌లైన్ నచ్చడానికి అసలు కారణం బహుశా క్లిక్కు లెక్క. క్లిక్ చేశారు, కొన్నారు, కంటికి కనబడుతోంది. టీవీ ప్రభావం అలా కనబడదు, నెమ్మదిగా పేరుకుని నెమ్మదిగా తగ్గుతుంది. 1979లో ప్రకటనల పరిశోధకుడు సైమన్ బ్రాడ్‌బెంట్ 'యాడ్‌స్టాక్' (ప్రకటన ప్రభావపు నిల్వ) అన్న పేరుతో లెక్కలోకి తెచ్చింది ఈ సంగతినే. టీవీ ఆపేసిన మొదటి నెలల్లో అమ్మకాలు బాగానే కనిపిస్తాయి, మీ పేరు వెతికే జనం కూడా వస్తూనే ఉంటారు, ఆ ఘనత అంతా ఆఖరి క్లిక్కుకు పోతుంది. నిల్వ కరిగాక తెలుస్తుంది. ఆ వాదనను ఆఫీసు గదిలో గెలవలేరు, పరీక్ష పెట్టి గెలవాలి. అమ్మకాలు ఒకే తీరులో నడిచే ప్రాంతాలను జతలుగా ఎంచుకోండి. కొన్నిచోట్ల పాత ప్లాన్, కొన్నిచోట్ల మార్చిన ప్లాన్ నడపండి. ఎక్కడ ఏది అన్నది చీటీ తీసి నిర్ణయించండి, అమ్మకాల టీమ్‌కు నచ్చిన ప్రాంతాలు కాదు. కనీసం మూడు నెలలు కదల్చకండి. ఆ సమయంలో ధరల తగ్గింపు ఆఫర్లు ఒకవైపే పెట్టకుండా చూసుకోవడం అన్నిటికన్నా కష్టం, ముందే రాతపూర్వకంగా ఒప్పించండి.

ప్రకటన ఫిల్మ్ గురించి రెండే మాటలు. 30 సెకన్ల ఫిల్మ్‌ను కత్తిరించి ఆరు సెకన్లు చేస్తే అది ఆరు సెకన్ల ప్రకటన అవదు, విడిగా తీయించాలి. మీ పేరు, మీ ప్యాకెట్ రంగు మొదటి రెండు మూడు సెకన్లలో రావాలి.

ఒప్పందం సంగతికొస్తే, మొత్తం ఏడాది టీవీ డబ్బును ఇప్పుడే కట్టేయకండి. ముందే కొంటే రేటు తగ్గుతుంది, నిజమే. కానీ ఆ తగ్గింపుకు బదులుగా మీరిచ్చేది మనసు మార్చుకునే హక్కు, జనం అలవాట్లు ఇంత తొందరగా కదులుతున్నప్పుడు దాని విలువ ఎక్కువ. ఖాయంగా కావాలనుకున్న కార్యక్రమాలకు, గిరాకీ ఎక్కువుండే వారాలకు ముందే మాట ఇచ్చుకోండి. మిగతాది మూడు నెలలకోసారి ఖరారు చేసుకునేలా ఉంచండి, వీలైతే రద్దు షరతు పెట్టించండి. పాయింట్లు తగ్గితే చానెల్ ఉచిత స్పాట్లు ఇస్తుంది కదా, ఆ స్పాట్లు ఎప్పుడు, ఏ కార్యక్రమంలో అన్నది కూడా రాయించుకోవాలి. అర్ధరాత్రి రెండింటికి వేసి లెక్క పూర్తి చేసే అలవాటు ఉంది. ఏజెన్సీ పనితీరును, వాళ్ల ఫీజులో ఏదైనా ప్రోత్సాహకం ఉంటే దాన్నీ, పాయింట్ల నుంచి తీసేసి వారపు రీచ్‌కు ముడిపెట్టండి. వాళ్ల దృష్టి ఎంత తొందరగా మారుతుందో మీరే చూస్తారు.

వీటన్నిటికన్నా ముందు, ఈ వారమే, ఏజెన్సీని ఒక పట్టిక అడగండి. గత ఏడాది జరిగిన మూడు క్యాంపెయిన్లలో మీ లక్ష్య జనంలో ఎంతమందికి ప్రకటన ఒక్కసారీ కనబడలేదు, ఎంతమందికి ఒకసారి, రెండుసార్లు, అలా పదికి పైన ఎంతమందికి, వీక్షణ వర్గాల వారీగా. ప్యానెల్ డేటా కొనే ఏ ఏజెన్సీకైనా ఇది ఒకటి రెండు రోజుల పని. 'అలాంటి పట్టిక మా దగ్గర లేదు' అన్నారంటే ఇంతవరకు మీ ప్లాన్ సగటు మీదే నడిచిందని అర్థం, కొత్త ఒప్పందం మీద సంతకం ఆ పట్టిక వచ్చేదాకా ఆపండి. వచ్చాక సున్నా వరుసలో ఉన్నవాళ్ల వయసు, ప్రాంతం, ఇంటి తీరు చూడండి. వాళ్లు మీ వస్తువు కొనేవాళ్లేనా? అవునంటే పైన చెప్పిన లెక్క ప్రకారం డబ్బు జరపడం మొదలుపెట్టండి. కాదంటే, డైరెక్టర్ గారు ఏమన్నా, ఈ ఏడాదికి టీవీ బడ్జెట్ ముట్టుకోనక్కర్లేదు. బర్స్టులు తీసేసి వారాల మీద పరిస్తే సరిపోతుంది.